శనిని ఎవరింట్లో పెట్టాలి

సుగుణ ఆంటీ పోయారన్న సంగతి పోయిన వారం వాట్సాప్‌లో తెలిసింది. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఒకప్పుడు కాపురాలున్న పాత తెలుగువాళ్లందరికీ ఒక గ్రూపు ఉంది. పొద్దున్న దేవుడి బొమ్మ, మధ్యాహ్నం మోకాళ్ల నొప్పికి చిట్కా, సాయంత్రం ఎవరి మనవరాలికి ఏ కాలేజీలో సీటొచ్చిందన్న కబురు, వీటితో దాని దినచర్య గడిచిపోతుంది. మధ్యలో ఎవరైనా పోతే చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడతాయి, మర్నాడు మళ్లీ మోకాళ్లు మొదలవుతాయి. ఆంటీ కాలిఫోర్నియాలో, సన్నీవేల్‌లో కొడుకు దగ్గర ఉంటూ నిద్రలోనే వెళ్లిపోయారట. ఆ కబురు కింద విశాలాక్షి ఆంటీ, ఎనభై దాటినా తడుముకోకుండా టైప్ చేసే మనిషి, "ఆ చేతి బూరెలు మరిచిపోగలమా, ఎంత పెట్టే గుణం" అని రాశారు. ఇరవై మంది దాకా అవునంటే అవునన్నారు. నాకు తెలిసి విశాలాక్షి ఆంటీ ఆ చేతి బూరె ఒక్కటి కూడా తినలేదు. తినే అవకాశం ఒకసారి వచ్చింది. ఆ రోజు ఆవిడ కారు దిగలేదు. ఆ కారు ఇంజన్ ఆగలేదు, తన వైపు అద్దం కూడా ఆవిడ దించలేదు. ఆ ఇంట్లో ఉన్నదాన్ని గనక నాకు తెలుసు.

దానికంతటికీ కారణం మా నాన్న. నాన్న కాకినాడలో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేసి, నాకు ఏడేళ్లప్పుడు మమ్మల్ని తీసుకుని టెక్సస్ వచ్చారు. ఇక్కడ ఆయన ఉద్యోగం కాంక్రీటు దిమ్మల్ని మిషన్‌లో పెట్టి, ఎంత బరువుకి పగులుతాయో కాగితం మీద రాసుకోవడం. పదేళ్లు పాఠం చెప్పిన మనిషికి రోజంతా నోరు మూసుకుని దిమ్మలు పగలగొట్టడం ఎంత కష్టమో అప్పుడు నాకు అర్థం కాలేదు. వాటిలో ఒక్కటి కూడా డౌట్ అడగదని మాత్రం అప్పుడప్పుడు అమ్మతో అనేవారు. ఆదివారం వచ్చిందంటే వేరే మనిషి. పొద్దున్నే లేచి తెల్లచొక్కా తనే ఇస్త్రీ చేసుకునేవారు. అమ్మ శనివారం నుంచి ఓవెన్‌లో లైటు వేసి ఉంచిన ఇడ్లీ పిండి, పొంగిందో లేదో అని తలుపు తెరిచి చూసేది. ఆ పులిసిన వాసన, వేడి ఇస్త్రీ వాసన, నాన్న జేబులోని సుద్దముక్కల వాసన కలిస్తే నాకు ఆదివారం. పది గంటలకి డాక్టర్ పురుషోత్తం గారింట్లో, మేడ మీద బిలియర్డ్స్ బల్ల ఉన్న గదిలో, పద్నాలుగు మంది తెలుగు పిల్లలకి నాన్న క్లాసు. అరగంట అక్షరాలు, గంట సైన్సు. ఆ గంటన్నరలో అందరూ ఆయన్ని మాస్టారూ అనేవారు. మిగతా వారమంతా దిమ్మల దగ్గర ఆయనకి ఆ పేరు లేదు.

డాక్టర్ గారు గుండె డాక్టరు. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్లలో పెద్ద ఇల్లూ ఆయనదే, పెద్ద గొంతూ ఆయనదే. క్లాసుకి గది ఇచ్చిన సంగతి ఆయన ఎప్పుడూ చెప్పేవారు కాదు. విశాలాక్షి ఆంటీ ఆయన భార్య గనక ఆ పని ఆవిడ చూసుకునేవారు. కార్పెట్ మీద పిల్లల కాలిగుర్తులు పడ్డాయని క్లాసు అయ్యాక వాక్యూమ్ పెట్టేవారు, మేమింకా మెట్లు దిగుతుండగానే.

ఆ ఏడాది మా బడిలో సౌరకుటుంబం పాఠం వచ్చింది. పుస్తకంలో సూర్యుడి పక్కన తొమ్మిది గ్రహాలనీ ఒకే పేజీలో వరసగా నిలబెట్టారు. నాన్న పుస్తకం లాక్కుని చూశారు. తర్వాత "ఇదేమన్నా పెళ్లి గ్రూప్ ఫోటోనా, భుజాలు రాసుకుంటూ నిలబడడానికి" అన్నారు. పిల్లలకి దూరం అంటే ఏమిటో తెలియకుండా గ్రహాల పేర్లు బట్టీ పట్టించడం ఆయన దృష్టిలో నేరం. ఆ రాత్రి డైనింగ్ టేబుల్ మీద రోడ్డు మ్యాపు పరిచి, సూర్యుడికీ భూమికీ మధ్య దూరం అర మైలు అనుకుందాం అన్నారు. ఆ లెక్కన భూమి ఒక టెన్నిస్ బంతి అయింది. సూర్యుడు పాతిక అడుగుల ఎత్తు వచ్చాడు. పాతిక అడుగులంటే, రెండంతస్తుల డాక్టర్ గారి ఇల్లు సరిగ్గా అంతే ఉంది.

మిగతా విషయాలు డాక్టర్ గారికి చెప్పడానికి నాన్న చాలా తయారై వెళ్లారు గానీ అవసరం పడలేదు. సూర్యుడు మీ ఇల్లేనండీ అనగానే ఆయన, అందులో వింతేముంది అన్నట్టు తలాడించారు. పై అంతస్తు కిటికీకి కట్టడానికి విశాలాక్షి ఆంటీ పసుప్పచ్చ సిల్కు దుప్పటి తీసిచ్చారు, మాసినా ఫరవాలేదంటూ. వారం తిరక్కుండానే హాస్పిటల్లో నర్సులక్కూడా తెలిసిపోయింది, డాక్టర్ గారిల్లే సూర్యుడని.

నాన్న డాక్టర్ గారిల్లు నడుమన పెట్టి, కంపాస్‌తో మ్యాపు మీద వృత్తాలు గీశారు. ఏ గ్రహం వృత్తం మీద ఏ తెలుగువాళ్ల ఇల్లు పడితే ఆ గ్రహం ఆ ఇంట్లో. ఒక ఆదివారం పిల్లలూ పెద్దలూ అందరూ వరసగా ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంట్లో ఒక పిల్లో పిల్లాడో ఆ గ్రహం గురించి తెలుగులో చెప్తారు, ఇంటివాళ్లు తలా కాస్త ఫలహారం పెడతారు. అద్భుతమైన ఆలోచన అని అందరూ మెచ్చుకున్నారు. బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు మైలు లోపలే తేలిపోయారు గనక ఆ దూరంలో తెలుగు ఇళ్లేవీ తగల్లేదు. ఒక పోస్టు డబ్బా, ఫైరింజన్లు నీళ్లు పట్టుకునే ఒక హైడ్రెంటు, పెట్రోలు పోసే ఒక గ్యాస్ స్టేషను, ఒక చర్చి పార్కింగు వాళ్లకి దక్కాయి. పెళ్లీడు పిల్లలున్నవాళ్లు కుజుడు చర్చికి పోయినందుకు ఊపిరి పీల్చుకున్నారు. పాస్టరు గారికి అభ్యంతరం లేకపోయింది. బృహస్పతి వృత్తం మీద రెండు ఇళ్లు పడితే ఇద్దరూ మాకంటే మాకని పోటీ పడ్డారు. ఒకరింట్లో మెడికల్ సీటు ప్రయత్నం, మరొకరింట్లో పెళ్లి ప్రయత్నం. చివరికి పెళ్లివారికి ఇచ్చారు. యురేనస్, నెప్ట్యూన్, ప్లూటోల గురించి ఎవరూ ఏమీ అనలేదు. పంచాంగంలో పేరు లేనివాళ్లు కాబట్టి మంచీ చెయ్యరు, చెడూ చెయ్యరు, మూల పెట్టుకోవచ్చు.

శని మిగిలాడు. నాలుగుముప్పావు మైళ్ల దూరంలో గీసిన ఆ వృత్తం మీద రెండే చోట్లు పడ్డాయి. ఒకటి సత్యం అంకుల్ ఇల్లు, రెండోది మేముండే అపార్ట్‌మెంట్లు.

సత్యం అంకుల్ సెమీకండక్టర్లలో డాక్టరేటు. పార్టీల్లో గ్లాసు పట్టుకుని, దేవుడు లేడని రుజువు చెయ్యడం ఆయన అలవాటు. ఆయన కాదనరని నాన్నకి గట్టి ధీమా. వెళ్లి వచ్చాక ఆయనేమన్నారో నాన్న అక్షరం పొల్లుపోకుండా చెప్పారు. "నాకు ఏ నమ్మకాలూ లేవు మాస్టారూ, యూ నో మీ. కానీ జనవరిలో గ్రీన్‌కార్డ్ ఇంటర్వ్యూ ఉంది. ఎందుకొచ్చిన గొడవ చెప్పండి." కావాలంటే ప్లూటోలు రెండు పెట్టుకుంటానన్నారట. నమ్మకం లేదు, కానీ ఎందుకొచ్చిన గొడవ. నాకు తెలిసిన చదువుకున్న తెలుగువాళ్ల తత్వశాస్త్రం మొత్తం ఈ రెండు ముక్కల్లో ఉంది. ఇప్పటికీ ఇంతకంటే ముందుకి పోలేదు.

ఇక మా ఇల్లు. అమ్మ కెమిస్ట్రీ డిగ్రీ చదివిన మనిషి. పాలు ఎందుకు తోడుకుంటాయో, ఇడ్లీ పిండి ఎందుకు పొంగుతుందో నాకు సమీకరణంతో సహా చెప్పేది. శనివారం మాత్రం ఒంటిపూట భోజనం. వాళ్లన్నయ్యకి ఏలినాటి శని నడిచిన ఏడున్నరేళ్లలో ఉద్యోగం పోయి, కాలు విరిగి, ఇల్లు అమ్ముకోవాల్సి వచ్చింది. అప్పట్నించీ ఆవిడ శని జోలికి పోలేదు. ఉగాదికి రావాల్సిన పంచాంగం మాకు ఓడ మీద ఆషాఢంలో చేరేది. మొదటి మూడు నెలల ఫలితాలు అవి జరిగిపోయాక చదువుకునేవాళ్లం. అవి ప్రతిసారీ నిజమయ్యేవి. నాన్న శని సంగతి ఎత్తగానే అమ్మ, మీరు సైన్సు చెప్పుకోండి నేను కాదనను, ఇంట్లోకి మాత్రం తేవద్దు అంది. కాగితంతో చేసిన బంతే కదా అన్నారు నాన్న. "కాగితమే కదా. అయితే ఇంకొకళ్లింట్లో పెడితే మీకేం పోయింది?" అంది అమ్మ. నాన్న మ్యాపు మడిచేశారు.

శనిని కాస్త ముందుకో వెనక్కో జరపమని చాలామంది సలహా ఇచ్చారు. ఆ వృత్తానికి మైలు ఇవతల ఒక సూపర్ మార్కెట్ ఉంది, అక్కడ పెట్టేయమన్నారు డాక్టర్ గారు. నాన్న ఒప్పుకోలేదు. దూరం చూపించడానికి మొదలుపెట్టిన పాఠంలో దూరమే తప్పు చెప్పలేనన్నారు. మూడు ఆదివారాలు గడిచాయి. శని లేకుండా మిగతావాళ్లతో కానిచ్చేద్దామన్న మాట కూడా వచ్చింది. నాన్న మొహం చూస్తే నాకు భయమేసింది. ఈ పాఠం చెడితే ఆయనకి ఇక దిమ్మలే మిగులుతాయని పదేళ్ల పిల్లకి కూడా తెలుస్తోంది.

అప్పుడు సుగుణ ఆంటీ ఒప్పుకున్నారు. ఆంటీ అంటున్నాను గానీ ఆవిడకి అప్పుడు ఇరవై రెండేళ్లు. తెనాలి దగ్గర పల్లెటూరు, ఇంటర్‌తో చదువు ఆపేశారు, పెళ్లయి ఏడాది. మా అపార్ట్‌మెంట్లలోనే స్విమ్మింగ్ పూల్‌కి అవతలి బ్లాకులో ఉండేవారు. భర్త మోహన్ గారు పొద్దున్న ఏడింటికి కారు తీసుకుని ఆఫీసుకి పోతే మళ్లీ చీకటి పడ్డాకే రావడం. ఆవిడకి డ్రైవింగ్ రాదు. ఇర్వింగ్‌లో డ్రైవింగ్ రాని మనిషికి గుమ్మం దాటితే వెళ్లడానికి చోటు లేదు. నాలుగు రెబ్బలు కరివేపాకు అడిగే నెపంతో మా ఇంటికొచ్చి సాయంత్రం దాకా కూర్చునేవారు. అమ్మ కాఫీ ఇచ్చేది గానీ, తిరిగి వాళ్లింటికి వెళ్లేది కాదు. అమ్మే కాదు, ఎవరూ వెళ్లేవారు కాదు. డాక్టర్లూ డాక్టరేట్లూ ఉన్న ఆ గుంపులో ఇంటర్ చదివిన అమ్మాయి ఎవరి లెక్కలోకీ రాలేదు.

నాన్న అడిగినప్పుడు ఆవిడ అడిగింది ఒకటే. "అందరూ మా ఇంటికి వస్తారా మాస్టారూ?"

ముప్పై నలభై మంది వస్తారమ్మా అన్నారు నాన్న. అయితే పెట్టండి అన్నారావిడ. శని అని తెలుసు కదమ్మా అని నాన్న మళ్లీ అడిగితే, నాకూ భయమేనండీ, కానీ ఎవరూ రాని ఇంట్లో ఒక్కదాన్నీ ఉండడం కంటే అదే నయం అన్నారట. నాన్న ఆ మాట ఇంట్లో చెప్పినప్పుడు అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ తలెత్తలేదు.

శనిని మా ఇంట్లో తయారు చెయ్యడానికి వీల్లేదు కాబట్టి అపార్ట్‌మెంట్ల లాండ్రీ గదిలో చేశాం. పెద్ద బీచ్ బంతికి మైదా గంజితో న్యూస్‌పేపర్లు అతికించి, ఎండాక గంధం రంగు వేశారు నాన్న. వలయం ఎవరో పారేసిన ఫ్రిజ్ అట్టపెట్టెతో కోశాం, ఐదడుగుల వెడల్పు. అందులో ఉండేది మంచు గడ్డలూ రాళ్లూ అని చెప్పి, నా చేత దాని నిండా జిగురు పూయించి రాళ్లుప్పు చల్లించారు. బట్టలు ఉతుక్కోవడానికి వచ్చిన అమెరికన్ ముసలాయన ఒకాయన ప్రతిరోజూ నిలబడి చూసేవాడు. శని మీద మాట్లాడడానికి పిల్లల్ని పంపమంటే ఎవరింట్లోనూ ఒప్పుకోలేదు గనక ఆ పాఠం నాకే వచ్చింది. మాస్టారి కూతురికి ఏమీ కాదని విశాలాక్షి ఆంటీ భరోసా ఇచ్చారు. అమ్మకి ఇష్టం లేదు. వెళ్లు, చెప్పు, వచ్చెయ్, అక్కడ మంచినీళ్లు కూడా ముట్టుకోకు అంది. తింటే తలస్నానం చేశాకే ఇంట్లో అడుగు పెట్టాలంది.

ఆ ఆదివారం సెప్టెంబరు ఎండ మండిపోతోంది. సూర్యుడి నుంచి భూమికి నడిపించారు నాన్న మమ్మల్ని. వెలుగు సూర్యుడి నుంచి భూమికి రావడానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది, అర మైలు మనం నడవడానికీ అంతే పడుతుంది, కాబట్టి మీరిప్పుడు వెలుగు వేగంతో నడుస్తున్నారు అని చెప్పారు. నా జీవితంలో అంత ఆశ్చర్యపోయిన సందర్భాలు తక్కువ. పెద్దవాళ్లు వెనకాల ఏసీ కార్లలో వెలుగు వెనకే పాకుతూ వచ్చారు. డాక్టర్ గారు మాత్రం విసుగొచ్చి ముందుకి తోలుకుపోయి, భూమి దగ్గర పెట్రోలు పోయించుకున్నారు. ఇర్వింగ్‌లో రోడ్డు పక్కన మనుషులు నడవడం ఎవరూ చూసి ఉండరు. పోలీసు కారొకటి వచ్చి ఆగింది. టై కట్టుకున్న నల్లటి మనిషి, వెనక పద్నాలుగు మంది పిల్లలు. ఎక్కణ్నించి వస్తున్నారని అడిగితే నాన్న నిజమే చెప్పారు. "వియ్ ఆర్ కమింగ్ ఫ్రమ్ ద సన్, ఆఫీసర్." ఆ ఎండలో పోలీసుకి అనుమానం కలగలేదు. నీళ్లు తాగమని చెప్పి వెళ్లిపోయాడు.

కుజుడు దాటాక అందరం కార్లెక్కాం. బృహస్పతి ఇంట్లో గంట గడిచింది. మిరపకాయ బజ్జీలు, మైసూర్‌పాక్. పెళ్లికావాల్సిన అమ్మాయిని బృహస్పతి పక్కన నిలబెట్టి ఫోటోలు తీశారు. అక్కడ బయల్దేరేటప్పుడే పెద్దవాళ్ల మధ్య గుసగుసలు మొదలయ్యాయి. తర్వాతది ఎంత దూరం, టైమ్ సరిపోతుందా, పిల్లలు అలిసిపోయారు కదా.

తొమ్మిది కార్లు మా అపార్ట్‌మెంట్లలోకి వచ్చి సుగుణ ఆంటీ బ్లాకు ముందు ఆగాయి. ఆగాయి గానీ ఏ కారు ఇంజనూ ఆగలేదు. నాన్న దిగి అందర్నీ పిలిచారు. డాక్టర్ గారు అద్దం రెండంగుళాలు దించి, యురేనస్ ఇంకో ఐదు మైళ్లుందట, లేటవుతుంది మాస్టారూ, మేమిక్కణ్నించే చూస్తాం అన్నారు. అక్కణ్నించి కనపడేది ఇటుక గోడ. సత్యం అంకుల్ తన కారుని ఇంకాస్త వెనక్కి తీసుకున్నారు. పిల్లలు దిగబోతుంటే వెనక నుంచి చేతులు పట్టుకుని కూర్చోబెట్టారు. అమ్మ మా కార్లో ముందు సీట్లో కూర్చుని, చేతి గడియారం చూసుకుంటోంది. నాన్న ఒక్కొక్క కారు దగ్గరికీ వెళ్లారు. ప్రతి కార్లోనూ అదే మాట. ఆయన వెనక్కి తిరిగి, నా భుజం మీద చెయ్యేసి, పదమ్మా పాఠం చెబుదువుగాని అన్నారు.

లోపలికి అడుగుపెడితే నెయ్యి, బెల్లం, ఏలకుల వాసన. రెండ్రోజుల నుంచీ వేయిస్తున్నారట. పొగకి అలారం మూడుసార్లు మోగితే మోహన్ గారు దాని బ్యాటరీ తీసి పక్కన పెట్టారు. కార్పెట్ మీద గోడ పొడుగునా ఉతికిన దుప్పట్లు పరిచి ఉన్నాయి. బల్ల మీద నలభై కాగితం పళ్లేలు, ఒక్కొక్కదాంట్లో రెండు బూరెలు, రెండు గారెలు, గుప్పెడు పులిహోర. సుగుణ ఆంటీ కట్టుకున్నది పెళ్లి పట్టుచీర. మా వెనక గుమ్మంలోకి చూస్తూ నిలబడ్డారు. మిగతావాళ్లు చెప్పులు విప్పుతున్నారేమో అనుకున్నట్టున్నారు.  మోహన్ గారు కిటికీ తెర తొలగించి బయటికి చూసి, మళ్లీ వేసేశారు.

శని గది మధ్యలో ఉన్నాడు. వలయం గుమ్మంలో పట్టదని రెండు ముక్కలు చేసి లోపల అతికించారు, రాళ్లుప్పు కిటికీ వెలుతురుకి మెరుస్తోంది. నేను చేతులు కట్టుకుని, ముగ్గురు మనుషులకీ నలభై పళ్లేలకీ పాఠం అప్పజెప్పాను. శని సూర్యుడి నుంచి ఆరో గ్రహం. నీళ్ల కంటే తేలిక, అంత పెద్ద సముద్రం ఉంటే తేలుతుంది. ఒకసారి సూర్యుణ్ని చుట్టి రావడానికి ఇరవై తొమ్మిదిన్నర ఏళ్లు. చెప్పడం అయిపోయింది. పొద్దుట్నించీ ప్రతిచోటా అయిపోగానే చప్పట్లు కొట్టి ఫలహారాల మీద పడ్డారు. ఇక్కడ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సుగుణ ఆంటీ వలయం దగ్గరికి వచ్చి, వేలితో ఉప్పురాయి ఒకటి తాకి చూసి, "మరి ఈ ముక్కలన్నీ కింద పడిపోవా మాస్టారూ?" అన్నారు.

ఆ రోజంతటిలో పాఠం మీద ఒక మనిషి అడిగిన ప్రశ్న అదొక్కటే. నాన్న మొహం నాకిప్పటికీ కళ్లకు కడుతుంది. జేబులోంచి సుద్దముక్క తీసి, రాయడానికి బోర్డు కోసం చుట్టూ వెతికారు. అది లేకపోయేసరికి ఖాళీ కాగితం పళ్లెం ఒకటి వెనక్కి తిప్పి దాని మీద పెన్నుతో గీశారు. "పడుతూనే ఉంటాయమ్మా. పక్కకి అంత వేగంగా పరిగెడుతూ పడతాయి గనక ఎప్పటికీ కిందకి చేరవు." ఆవిడకి అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పారు. నాన్న మళ్లీ చెప్పారు, దారం కట్టిన ఉల్లిపాయని గిరగిరా తిప్పి చూపించారు, రాయి విసిరితే ఏమవుతుంది, ఇంకా గట్టిగా విసిరితే ఏమవుతుంది అని అడిగి ఆవిడ చేతే జవాబు చెప్పించారు. బయట హారన్లు మొదలయ్యాయి. నాన్నకి వినపడలేదు. ఇరవై నిమిషాలు పట్టింది. నాన్న అంతకంటే బాగా పాఠం చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. ఆ ఇరవై నిమిషాల్లో నేను ఒక పళ్లెం దగ్గర కూర్చుని, అది ఖాళీ చేసి, ఇంకో పళ్లెం దగ్గరికి జరిగాను.

ఆ పైన యాత్ర యురేనస్ దగ్గర సగమైంది. ప్లూటో ఆ సంవత్సరాల్లో నెప్ట్యూన్ కంటే లోపలికి వచ్చి ఉన్నాడని నాన్న ఎంతో ఉత్సాహంగా చెప్పబోతే వినడానికి మిగిలింది రెండు కార్లే. మరుసటి ఆదివారం చిన్న పరీక్ష పెట్టారు. శని ఎంత దూరంలో ఉన్నాడు అన్న ప్రశ్నకి, ఎంత దూరంగా ఉంటే అంత మంచిది అని సత్యం అంకుల్ కొడుకు ఇంగ్లిష్ లిపిలో తెలుగు రాశాడు. నాన్న దానికి సగం మార్కు వేశారు. ఈ సంగతులన్నీ ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు, మేం మారిపోయామంటారు. నిజంగానే మారాం. అప్పుడు ఓడ మీద మూడు నెలలు ఆలస్యంగా వచ్చే పంచాంగం ఇప్పుడు ఫోన్లో ఉంది, శని ఏ రాశిలోకి ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి వస్తాడో టెక్సస్ టైమ్‌లో మోగి మరీ చెబుతుంది. అప్పుడు శనికి ఇల్లు దొరకలేదు. ఇప్పుడు అక్కడికి ఇరవై మైళ్లలో గుళ్లు కట్టి, గ్రానైటుతో తొమ్మిది గ్రహాలకీ పీఠాలు పెట్టారు, శనివారం తైలాభిషేకానికి ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. ఆ వరసలో రాకెట్లకి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లని నేనే చూశాను. ఎందుకండీ అని ఒకతన్ని అడిగితే, "ఐ డోంట్ రియల్లీ బిలీవ్ ఇన్ ఇట్ ఆంటీ, బట్ వై టేక్ ఎ ఛాన్స్" అన్నాడు. సత్యం అంకుల్ మాటే, పూర్తిగా ఇంగ్లిష్‌లోకి వచ్చేసింది. వాళ్లని వెక్కిరించే హక్కు నాకు ఉందనుకునేదాన్ని, ఎందుకంటే ఆ రోజు నాన్న కాక శని ఇంట్లోకి వెళ్లింది నేనొక్కదాన్నే. అలా అని చాలా చోట్ల చెప్పుకున్నాను కూడా. ఆ ఇంట్లోంచి బయటికి ఎలా వచ్చానో మాత్రం ఎక్కడా చెప్పలేదు.

నాన్న లోపల మోహన్ గారితో మాట్లాడుతుంటే నేను ముందుగా కారు దగ్గరికి వచ్చేశాను. నా వెనకే సుగుణ ఆంటీ మెట్లు దిగారు, అమ్మ కోసమని ఫాయిల్ కప్పిన పళ్లెం పట్టుకుని. నేను చూసుకోలేదు. అమ్మ అద్దం దించి, ఏమన్నా తిన్నావా అని అడిగింది. తిన్నానంటే తలస్నానం, అందరి ముందూ చివాట్లు. పక్క కార్లో అద్దాలు కిందకి దిగుతున్నాయి, పిల్లలంతా నన్నే చూస్తున్నారు, శనిని ముట్టుకుని వచ్చినదాన్ని.

"లేదమ్మా. వాళ్లేం పెట్టలేదు" అన్నాను.

వెనక గాజుల చప్పుడు ఆగింది. తిరిగి చూస్తే నాలుగడుగుల దూరంలో సుగుణ ఆంటీ. నా వంక చూశారు. కోపం లేదు ఆ మొహంలో, నేను ఎందుకు అలా అన్నానో ఒక్క క్షణంలో అర్థమైపోయినట్టుంది. పళ్లెం మెల్లిగా వీపు వెనక్కి పెట్టుకుని, పైన కొంగు కప్పారు.

"అవునక్కయ్యగారూ. పొద్దుట్నించీ స్టవ్ పనిచెయ్యడం లేదు. పాపకి మంచినీళ్లు కూడా ఇవ్వలేకపోయాను. ఏమీ అనుకోకండి" అన్నారు.

ఫరవాలేదులే అంది అమ్మ. నేను కారెక్కాక, తన కొంగు తీసి నా మూతి తుడిచింది. తెల్లటి కొంగు మీద పూర్ణం మరక పడింది. అమ్మ దాన్ని చూసింది, మడత లోపలికి పెట్టేసింది, అద్దం ఎత్తింది.

పక్క కార్లో విన్న మాట సాయంత్రానికి నెప్ట్యూన్ దాకా చేరింది. అంతమందిని ఇంటికి పిలిచి పిల్లకి మంచినీళ్లు కూడా ఇవ్వలేదట అని. తర్వాతి వారం మా ఇంట్లో విశాలాక్షి ఆంటీ ఆ మాట అన్నప్పుడు అమ్మ ఏమీ మాట్లాడలేదు, పక్కన కూర్చుని హోంవర్క్ చేసుకుంటున్న నేనూ మాట్లాడలేదు. ఆ తర్వాత సుగుణ ఆంటీ కరివేపాకు కోసం మా ఇంటికి రాలేదు. మోహన్ గారికి సన్నీవేల్‌లో ఉద్యోగం వచ్చి వసంతంలో వెళ్లిపోయేదాకా పూల్ అవతల బాల్కనీలో నిలబడి కనిపించేవారు. నేను చెయ్యి ఊపితే ఊపేవారు. పెళ్లీడు వచ్చాక, పిల్లలు పుట్టాక, కాలిఫోర్నియా వెళ్లిన ప్రతిసారీ ఫోన్ చేద్దామనుకున్నాను. ఏమని చెప్పాలో తెలియక చెయ్యలేదు. చెప్పాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఆ రోజు నేను నాలుగు బూరెలు తిన్నాను.